ఆమె పేరున్న అమ్మాయి

నవంబర్ 19, మంగళవారం

ఇంటికి తిరిగి వచ్చాను. ఊరి బయట, చావు తర్వాత మావాళ్ళు ఉండే దుఃఖపు గుడారాల్లో పదిహేడు రోజులున్నాను. ఇంకా ఉండమన్నారు. మా ఇంట్లో ఉండే జార్డీకి ఎల్లుండి కోర్టు వాయిదా ఉంది, పక్కన ఎవరో ఒకరు నిలబడాలి. ఆ మాటే చెప్పి వచ్చేశాను.

నిలవనీడ లేని పిల్లల కోసం నేను నడిపే ఈ ఇంట్లో, ఎనిమిది గదుల్లో ఇప్పుడు ఐదుగురున్నారు. నేను లేని రోజుల్లో ఎవరూ కొట్టుకోలేదట. అంట్లు కూడా ఎవరూ తోమలేదు.

వెనక నేనూ నా భార్యా ఉన్న రెండు గదులకు తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నాను. ఆఫీసు గదిలో మడతమంచం వేసుకున్నాను.

పోయిన మనిషి ఇల్లు వదిలి వెళ్ళేందుకు ఇంటికి పొగ వేయాలి. అది ఆమె అన్న చేయవలసిన పని, భర్త చేయకూడదు. క్లారీ బావ ఉండేది మూడు వందల కిలోమీటర్ల అవతల. మా ఎడారిలో ఇప్పుడు ఎండాకాలం, నిప్పు రాజేయడం మీద నిషేధం కూడా ఉంది. వీలు చూసుకుని వస్తాడు.

నవంబర్ 20

రాయడానికేమీ లేదు.

నవంబర్ 21, గురువారం

జార్డీని వదిలారు. లైసెన్సు లేకుండా బండి నడపడం అతనికిది మూడోసారి. ఇరవై మూడేళ్ళు వచ్చినా చేతిలో ఒక్క గుర్తింపు కాగితం లేదు, ఇక లైసెన్సెలా వస్తుంది? ఇతనికి ఉండడానికి చోటుందా అని మేజిస్ట్రేటు నన్ను అడిగింది. ఉందన్నాను. మా ఇంట్లోనే ఉండాలన్న షరతు పెట్టి పంపింది. ఇల్లు వదిలితే జైలు.

కారులో అన్నాడు, "ఆవిడ నా చొక్కా చూసి నవ్వింది బాబాయ్."

"ఇస్త్రీ చేసుకోమని చెప్పాను కదా."

"చేశాను. ఒక పక్క కాలింది. కాలిన పక్క నీవైపు పెట్టి నిలబడ్డా. నువ్వు చూడలేదు, ఆవిడ చూసింది."

నీళ్ళు లేని ఇసుక నది దాటాక గొంతు తగ్గించాడు.

"పొగ ఎప్పుడు బాబాయ్?"

"క్లారీ రావాలి."

"చెప్పావా?"

చెప్పానన్నాను.

నవంబర్ 25, సోమవారం

మధ్యాహ్నం బస్సులోంచి ఒక అమ్మాయి దిగింది. పంతొమ్మిదేళ్ళు. దక్షిణాదిన సముద్రం పక్క నగరం నుంచి వచ్చింది. వీపున సంచి, చేతిలో చెప్పుల పెట్టె, పెట్టె నిండా కాగితాలు. పద్దెనిమిది నిండిన రోజున పెంపుడు ఇంట్లోంచి పంపేశారట. ఏడాదిగా స్నేహితుల సోఫాల మీద పడుకుంటోంది. తల్లి ఎప్పుడో పోయింది. తల్లిది ఈ ప్రాంతమని ఒక కాగితంలో ఉంటే అది పట్టుకుని వచ్చింది.

ఫారం ఇచ్చాను. నింపి ఇచ్చింది. పేరు చూశాను. ఫారం బోర్లించాను.

ఆ పేరే. ఒక్క అక్షరం తేడా లేదు.

జార్డీ కుర్చీలో వెనక్కి వాలి, "నీ పేరేంటి చెల్లీ?" అన్నాడు. చెప్పింది. గట్టిగా, ఒక్కో అక్షరం విడివిడిగా. ఈ ఇంట్లో ఆ పేరు వినపడి ఇరవై మూడు రోజులైంది. జార్డీ కుర్చీ చప్పుడు కాకుండా లేచి బయటికి వెళ్ళిపోయాడు.

"నేనేమైనా తప్పు మాట్లాడానా?" అంది.

చెప్పాను. ఈ మధ్య మా ఇంట్లో ఒక మనిషి పోయిందని, పోయినవాళ్ళ పేరు కొన్నాళ్ళపాటు మావాళ్ళు పలకరని, ఆ పేరే ఉన్న మిగతావాళ్ళను అప్పటిదాకా కుమంజయి అంటారని. ఎవరు పోయారని ఆమె అడగలేదు. నేను చెప్పలేదు.

"కొన్నాళ్ళంటే?"

"రెండేళ్ళు. మూడు కూడా కావచ్చు."

నవ్వింది. వినబుద్ధయ్యే నవ్వు కాదు.

"సార్, నేను నాలుగిళ్ళల్లో పెరిగాను. మొదటి ఇంట్లోవాళ్ళకి మా అమ్మ పెట్టిన పేరు నోరు తిరగలేదు, మేడిసన్ అన్నారు. రెండో ఇంట్లో వాళ్ళ పిల్లే ఒక మేడిసన్ ఉంది. అందుకని నన్ను మ్యాడీ చేశారు. పద్దెనిమిదేళ్ళొచ్చాక కాగితాలు తెప్పించుకుంటే అసలు పేరు బయటపడింది. సంవత్సరం నుంచీ అద్దం ముందు నిలబడి పలకడం నేర్చుకుంటున్నా. రెండ్రోజులు బస్సులో కూర్చుని వచ్చా. మీరు కూడా తీసేసుకుంటారా?"

మూడో గది ఇచ్చాను.

నవంబర్ 28

వంటింట్లో వినపడింది.

"ఓయ్ కుమంజయి, ఆ చక్కెర డబ్బా ఇటు తొయ్యి."

అమ్మాయి టీ కలుపుకుంటూనే ఉంది.

"చెవుడా?"

"ఆ పేరున్నవాళ్ళెవరూ ఇక్కడ లేరు."

"ఎందుకు లేరు? మా వీధిలోనే ఇద్దరున్నారు," అన్నాడు జార్డీ. "ఒకావిడ పోలీసు. ఈ మధ్య నన్ను పట్టుకున్నప్పుడు, సరే కుమంజయి మేడమ్, పదండి అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది. అయినా కేసు రాసిందనుకో."

మిగిలినవాళ్ళు నవ్వారు. ఆమె చక్కెర డబ్బా తీసుకుని తన గదికి వెళ్ళి తలుపేసుకుంది.

డిసెంబర్ 2, సోమవారం

ఆమె కాగితాలు ముందేసుకుని కూర్చున్నాం. టీకాల కార్డు ఒక పేరున, బడి కాగితం ఇంకో పేరున, జనన పత్రం అసలు పేరున. ముగ్గురూ ఒకే మనిషని ప్రమాణపత్రం రాస్తేనే బ్యాంకు కార్డు, వైద్యం కార్డు వస్తాయి. అవి లేకపోతే పని దొరకదు. ఊళ్ళో తెలిసిన మనిషి ఒకరు దాన్ని పైకి చదివి సంతకం పెట్టాలి. ఇలాంటివి ఈ పన్నెండేళ్ళలో రెండు వందలకు తక్కువ కాకుండా చదివి ఉంటాను.

తలుపు వేసి చదివాను. పేరు దగ్గర ఆగలేదు. ముప్పై రోజుల తర్వాత అది నా నోట్లోంచి వచ్చింది.

చదవడం అయ్యాక ఆలోచించాను. ఇళ్ళు మారుతూ పెరిగిన పిల్లలకు అన్నిటికన్నా ముందు తిరిగి ఇవ్వవలసింది వాళ్ళ పేరు. కాలేజీలో రెండేళ్ళు మాకు చెప్పిందదే. ఆచారం ముఖ్యమే. కానీ బతికున్న మనిషిది కూడా చూడాలి కదా. అందుకని ఒక ఏర్పాటు చేశాను. ఆఫీసు గది తలుపు వేసి ఉన్నంతసేపు ఆమెను అసలు పేరుతో పిలుస్తాను. బయట కుమంజయి. ఎవరికీ చెప్పవద్దన్నాను. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పిలిచాను.

"ఆఁ," అంది.

డిసెంబర్ 3

రెండుసార్లు పిలిచాను. పని ఉండే పిలిచాను.

డిసెంబర్ 5, గురువారం

బ్యాంకు ఫారం పూర్తయింది. తొమ్మిదిసార్లు పిలిచాను.

"సందేహమేమీ లేకపోయినా పిలుస్తున్నారు సార్," అంది నవ్వుతూ.

"అలవాటు కావాలి కదా."

"ఎవరికి?"

ఇది ఆమె కోసమే. రాసి పెట్టుకుంటున్నాను.

డిసెంబర్ 9, సోమవారం

సర్కారు డబ్బు సాయం ఇచ్చే ఆఫీసులో వరసలో నిలబడి పదకొండు నుంచి రెండు దాకా అక్కడే ఉన్నాను. ఇంటికి రాగానే అమ్మాయి గడపలో కనిపించింది.

"పన్నెండింటప్పుడు నన్ను ఎవరు పిలిచారు?"

"కుమంజయి అనా?"

"కాదు. నా పేరుతో. ఆడమనిషి. ఆ వెనక గదుల్లోంచి. ఎవరుంటారక్కడ?"

ఎవరూ ఉండరన్నాను. పక్క పెరట్లోంచి అయి ఉంటుందన్నాను. పక్క ఇల్లు ఖాళీ అయి ఆరు నెలలైంది. ఆ సంగతి ఆమెకు తెలియదు.

"గొంతు బాగుంది," అంది. "అద్దం లేకుండా నేనెప్పుడూ అలా పలకలేదు. అలా పలకాలన్నమాట."

డిసెంబర్ 10

తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి జేబులోనే ఉంది.

డిసెంబర్ 13, శుక్రవారం

తలుపు వేసి పిలిచాను. "ఆఁ" అంది. ఆ వెంటనే ఇంకోసారి వినపడింది, ఆమె వెనక గోడ అవతల నుంచి. కొంచెం ఆలస్యంగా, చేతిలో పని ఉన్నప్పుడు పలికినట్టు.

కూలర్ బెల్టు వదులైంది. రేపు బిగించాలి.

డిసెంబర్ 14

కూలర్ బాగానే ఉంది.

పద్నాలుగుసార్లు పిలిచాను. ప్రతిసారీ రెండు వచ్చాయి.

డిసెంబర్ 16, సోమవారం

మిగిలినవాళ్ళలో ముగ్గురు శనివారమే పిన్ని ఇంటికని, అత్త ఇంటికని వెళ్ళిపోయారు. రిజిస్టరులో సెలవు అని రాశాను. నాలుగోవాడు ఏమీ చెప్పకుండానే వెళ్ళాడు. ఈరోజు జార్డీ తన దుప్పటి చుట్టుకుని వచ్చాడు.

"బాబాయ్, పోతున్నా."

"ఇల్లు దాటితే జైలు. మేజిస్ట్రేటు ఏమందో మరిచావా?"

"జైలే నయం. అక్కడ నంబరుతో పిలుస్తారు. ఆ నంబరుకి ఇంకెవరూ పలకరు."

"ఏం మాట్లాడుతున్నావు?"

"నువ్వు తలుపేసుకుని ఏం చేస్తున్నావో ఇంట్లో అందరికీ తెలుసు. అది అట్ట తలుపు బాబాయ్, ఇనప తలుపు కాదు." దుప్పటి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "ఆ పిల్లకి తెలియదు, నగరంలో పెరిగింది. నీకేమైంది? నువ్వే మాకందరికీ నేర్పావు. మా అమ్మ పోయినప్పుడు నా నోరు మూసింది నువ్వే."

అతనికి అప్పుడు పదహారేళ్ళు. నోరు మూశాను, నిజమే. చేత్తో.

"మీ పిన్ని ఇంట్లో ఉండు," అన్నాను. "కోర్టువాళ్ళు అడిగితే ఇక్కడే ఉన్నావని చెబుతాను."

"మంచి అబద్ధాలు నేర్చావు," అని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఇంట్లో ఇద్దరం. ప్రశాంతంగా ఉంది.

డిసెంబర్ 18, బుధవారం

అమ్మాయి పగలంతా వెనక గుమ్మం దగ్గర నేలమీద కూర్చుంటోంది. తిండి తగ్గింది. టోపీ లేకుండా ఎండలో కూర్చోవద్దంటే, "ఇక్కడ చల్లగానే ఉంది," అంది. నలభై రెండు డిగ్రీలు.

పక్కన కూర్చున్నాను. తనే మాట్లాడింది.

"నేను పుట్టిన రోజు గురించి చెబుతోంది. ఆకుపచ్చ తలుపున్న చిన్న ఆస్పత్రి. డాక్టరును తెచ్చే విమానం రావడం ఆలస్యమైందట. బొడ్డు ఆమే కోసిందట."

"ఎవరు?"

నావైపు చూడలేదు.

మా పెళ్ళికి ముందు ఆమె క్లారీ బావ ఊళ్ళో ఆరోగ్య కార్యకర్తగా పనిచేసింది. ఆ ఆస్పత్రి తలుపు ఏ రంగో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

"నా గురించి ఏమైనా అంటుందా?" అన్నాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

చాలాసేపు ఆలోచించింది. ఏదైనా దొరికితే చెప్పాలని నిజంగానే వెతికినట్టుంది.

"లేదు," అంది. లేస్తూ, "పొద్దుటి మాత్ర వేసుకున్నావా?" అని అడిగింది.

సార్ అనలేదు. బీపీ మాత్ర సంగతి నేను ఆమెకు చెప్పలేదు.

డిసెంబర్ 20, శుక్రవారం

అమ్మాయి దుకాణానికి వెళ్ళిన సమయం చూసి వెనక గదుల ముందు నిలబడి పిలిచాను. ఈసారి అమ్మాయిని కాదు.

పదకొండుసార్లు.

ఏమీ లేదు. గోడమీద బల్లి కూడా కదలలేదు.

ఇరవై నిమిషాలకు అమ్మాయి తిరిగొచ్చింది. పెరటి గేటు తీసి లోపల అడుగు పెట్టగానే లోపలి గదిలోంచి ఆ పేరు వినపడింది. మెల్లగా, ప్రేమగా. నేను తలుపును ఆనుకునే ఉన్నాను. నా వీపుకు ఆ మాట తగిలింది.

"ఆఁ, వస్తున్నా," అంది అమ్మాయి. నన్ను చూసి, "ఏంటి అలా ఉన్నావు?" అంది.

డిసెంబర్ 21

బావకు ఫోన్ చేయాలి. సోమవారం చేస్తాను. శని, ఆదివారాలు వాళ్ళ ఊళ్ళో ఫోన్ సరిగా పనిచేయదు.

డిసెంబర్ 23, సోమవారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

పదకొండున్నరకు ఆఫీసు గదిలోంచి బయటికి వచ్చేసరికి వెనక గదుల తలుపులు బార్లా తీసి ఉన్నాయి. తాళం గొళ్ళానికి వేసినట్టే వేలాడుతోంది. తాళంచెవి నా జేబులో ఉంది. లోపల మంచం మీద దుప్పటి సరిచేసి ఉంది. అమ్మాయి చెప్పులు మంచం పక్కన, నా భార్య పెట్టుకునే చోటే, ఆమె పెట్టుకునే తీరులోనే ఉన్నాయి.

పెరటి గేటు నుంచి అడుగులు నదివైపు వెళ్ళాయి. చెప్పుల్లేని కాళ్ళు. నలభై నాలుగు డిగ్రీలు. నీళ్ళ సీసా వంటింట్లోనే ఉంది. నది అవతల అరవై కిలోమీటర్ల వరకు ఇల్లు లేదు.

నీళ్ళు తీసుకుని పరుగెత్తాను. వీధి మలుపులో జార్డీ ఎదురొచ్చాడు. కారణం అడగలేదు. అడుగులు చూశాడు, నాతో వచ్చాడు.

మావాళ్ళలో అడుగు చూసి మనిషిని చెప్పలేనివాడు లేడు. మొదటి రెండు వందల అడుగులు అమ్మాయివి. నగరం నడక. మడమ గట్టిగా వేస్తుంది, వేళ్ళు లోపలికి. ఇసుక మొదలైన చోట అది మారింది. కుడి అడుగు మామూలుగా పడింది. ఎడమ అడుగు పక్కన ఒక గీత. తర్వాతి అడుగుకూ గీత. ఆ తర్వాత అన్నిటికీ. చిన్నప్పుడు మంటలో పడి నా భార్య ఎడమ పాదం కాలింది. అప్పటి నుంచీ దాన్ని ఈడుస్తూ నడిచేది.

జార్డీ ఆగిపోయాడు. నావైపు చూశాడు. నేను కూడా చూశానని తెలుసుకున్నాడు.

"ఒక్క మనిషి అడుగులే కదా బాబాయ్?"

"ఒక్క మనిషివే."

నది మధ్యలో కనిపించింది. మాకు వంద గజాల ముందు. తెల్లటి ఇసుకలో ఎడమకాలు ఈడుస్తూ, తొందర లేకుండా, ఎవరో పక్కన ఉన్నట్టు అటు కొంచెం తల వంచి వింటూ నడుస్తోంది. నేను నోరు తెరిచాను. జార్డీ నా మెడ పట్టుకున్నాడు.

"ఆ పేరు పిలిచావంటే చంపేస్తాను. పిలిస్తే ఎవరు తిరుగుతారో నీకు తెలుసా?"

తెలియదు. ఇంకోటి కూడా ఉంది, అది మాత్రం నాకు తెలుసు. ఆ క్షణంలో ఎవరు తిరిగినా ఫరవాలేదనుకున్నాను.

"కుమంజయీ!" అని అరిచాడు జార్డీ. "కుమంజయీ! చెల్లీ!"

తిరగలేదు. అవతలి గట్టు దగ్గరపడుతోంది. గట్టు ఎక్కితే అంతా ముళ్ళ పొదలు, ఎర్ర నేల. ఈ ఎండలో ఒక గంట చాలు.

అప్పుడు నా నోటికి వచ్చింది.

"మేడిసన్!"

ఆగింది.

"మేడిసన్! ఏయ్ మేడిసన్! మ్యాడీ!"

గిర్రున తిరిగింది. మొహం ఎర్రబడింది.

"ఆ పేరుతో పిలవొద్దని చెప్పానా లేదా? చెప్పానా లేదా?" ఏడుస్తూ మావైపే పరుగెత్తుకొచ్చింది, నన్ను కొట్టడానికి. రెండు కాళ్ళూ సమంగా పడుతున్నాయి. దగ్గరికొచ్చి నా ఛాతీ మీద గుద్దింది. మళ్ళీ గుద్దింది. జార్డీ ఆమె తలమీద నీళ్ళు పోశాడు.

"కాళ్ళు కాలుతున్నాయి," అంది అప్పుడు చూసుకుని. "నేనిక్కడికెప్పుడొచ్చాను?"

జార్డీ ఆమెను వీపున ఎక్కించుకున్నాడు. దారంతా, "ఇంత బరువున్నావు, అన్నం మానేశానని అబద్ధాలెందుకు?" అని తిడుతూనే ఉన్నాడు. నేను వెనక నడిచాను. ఒక్కసారి కూడా అవతలి గట్టువైపు చూడలేదు. కాదు. ఒకసారి చూశాను.

అదే రోజు, సాయంత్రం

బావకు ఫోన్ చేశాను. ఆమె పోయాక ఇదే మొదటిసారి. నువ్వు ఫోన్ చేసిన రోజే బయలుదేరతానని సమాధి దగ్గర నా చెయ్యి పట్టుకుని చెప్పి వెళ్ళాడు. అది ఇక్కడ రాయలేదు. నిప్పు నిషేధం గురించి కూడా నేనెవరినీ అడగలేదు. ఇప్పుడు అగ్నిమాపక స్టేషనుకు ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో అనుమతి ఇచ్చారు. పక్కన బకెట్టు నీళ్ళు పెట్టుకోమన్నారు, అంతే.

ఫోన్ మొదటి మోతకే తీశాడు. ఫోన్ పక్కనే కూర్చుని ఉన్నట్టు.

"బావా, నేను నోయెల్‌ని."

"తెలుసు. పొద్దున్నే బయలుదేరతా," అని పెట్టేశాడు.

అమ్మాయిని జార్డీ పిన్ని ఇంటికి పంపాను. నేను ఆఫీసు గదిలో ఉన్నాను. నోట్లో గుడ్డ కుక్కుకుని పడుకుంటాను.

డిసెంబర్ 24, మంగళవారం

బావ పదింటికల్లా వచ్చాడు. బండి వెనక నిండా పొగ వేయడానికి పచ్చి ఈమూ పొద కొమ్మలు. నన్ను చూసి దిగలేదు. కిటికీలోంచే అన్నాడు.

"ఏడు వారాలు బావా. నా చెల్లెల్ని కట్టేసుకుని కూర్చున్నావా?"

"అవును."

"వదలకపోతే ఉంటుందనుకున్నావా?"

"అవును."

"చదువుకున్నవాడివి," అన్నాడు. తిట్టో కాదో తెలియలేదు. దిగి నన్ను కౌగిలించుకున్నాడు. చాలాసేపు. ఇద్దరం ఏడ్చాం. అంతకు మించి రాయను.

అమ్మాయిని పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. జనన పత్రం చూడలేదు. ఆమె తల్లి పేరు, ఆ తల్లి తల్లి పేరు తనే చెప్పాడు.

"మీ అమ్మ నాకు మేనకోడలి వరస. నన్ను తాతా అను. ఆ ఆస్పత్రిలో నిన్ను మొదట ఎత్తుకుంది నా చెల్లెలు. మీ అమ్మ అడిగితే తన పేరే నీకిచ్చింది. నీకు రెండేళ్ళప్పుడు, పరాయి ఇళ్ళల్లో పెంచుతామని సర్కారు కారొచ్చి తీసుకెళ్ళింది. అప్పట్నుంచీ నా చెల్లెలు ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. నీ కోసమే ఈ ఊరు వచ్చి ఇలాంటి ఇంట్లో పని పెట్టుకుంది, ఏదో ఒక రోజు ఈ గుమ్మంలోకే వస్తావని."

ఇది నాకు తెలియదు. పదమూడేళ్ళ కాపురం. రోజూ బస్సు వేళకు బయటికొచ్చి నిలబడేది. గాలి కోసమనుకున్నాను.

"అంత ప్రేమున్న మనిషి నన్ను ఎందుకు అటు తీసుకెళ్తుంది తాతా?"

"ప్రేమ కాబట్టే. పోయినవాళ్ళకి దారి తెలియదు. పేరు పిలిస్తే ఆగుతారు, ఇష్టమైనవాళ్ళని వెంటేసుకుంటారు. వాళ్ళది తప్పు కాదు. పిలిచినవాళ్ళది."

నావైపు చూడకుండానే అన్నాడు.

"అయితే నా పేరు పోయినట్టేనా?"

బావ నవ్వాడు. "పిచ్చిపిల్లా, బయటివాళ్ళ పేర్లు మేమెప్పుడైనా దాచామా? రేపు ఆ మేజిస్ట్రేటు చచ్చిపోతే ఆవిడ పేరున్నవాళ్ళని ఏమీ అనం. నీ పేరు దాస్తున్నామంటే నువ్వు మా మనిషివి. నిన్ను ఈ ఊళ్ళో కుమంజయి అన్న ప్రతివాడూ చెబుతున్నది అదే. ఎవరూ నీకు విడమరిచి చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. చెప్పవలసింది నేను.

"పేరుని పడుకోబెట్టాం. రెండేళ్ళకో మూడేళ్ళకో లేపేది నేనే. లేపినరోజు ఆ పేరుతో మొదట పిలిచేది నిన్నే. ఈలోగా నేను చస్తే ఇదిగో ఈ కాలిన చొక్కావాడు లేపుతాడు."

"నా చొక్కా సంగతి మీ ఊరిదాకా పాకిందా?" అన్నాడు జార్డీ.

మధ్యాహ్నం పొగ వేశారు. ఎనిమిది గదులు, వంటిల్లు, ఆఫీసు. వెళ్ళినవాళ్ళందరూ తిరిగొచ్చి పొగలోంచి నడిచారు. చివర వెనక గదులు. బావ కొమ్మలతో గోడలు తడుతూ మా భాషలో చెల్లెలితో మాట్లాడాడు. మందలిస్తున్నట్టే ఉంది, చిన్నపిల్లను బడికి పంపుతున్నట్టు.

"పద తల్లీ. నువ్వు వెతికిన పిల్ల ఇల్లు చేరింది. మేం చూసుకుంటాం. ఇంక ఇక్కడ నీకు పని లేదు. పద, పద."

ఈ ఏడు వారాలూ ఆమె నాకోసమే ఆగిందనుకున్నాను.

ఆమె బట్టలు, మంచం, ఫొటోలు అన్నీ బావ బండిలోకెక్కాయి. ఒక్కటీ ఉంచుకోలేదు. ఉంచుకుంటానని అడగలేదు.

డిసెంబర్ 26

గుడారాలకు తిరిగి వచ్చాను. ఈసారి వాళ్ళు పొమ్మనే దాకా ఉంటాను. ఇంటి తాళాలు జార్డీ పిన్నికి ఇచ్చాను. జార్డీ ఎనిమిది రోజులు ఇంటి బయట ఉన్నాడని, తప్పు నాదని మేజిస్ట్రేటుకు ఉత్తరం రాశాను.

జనవరి 3, శుక్రవారం

అమ్మాయి, జార్డీ లైసెన్సు ఫారాలు పట్టుకుని గుడారాలకు వచ్చారు. జార్డీకి షరతు పొడిగించారు, జైలు లేదు. ఇంట్లో ఏడుగురున్నారట. అమ్మాయి మూడో గది గోడకు పసుపు రంగు వేసుకుందట. అరికాళ్ళ బొబ్బలు మానాయి.

"కుమంజయి గారూ, ఎడమ చేతితో గేరు మార్చాలి, కుడి చేతితో దణ్ణం పెట్టాలి," అంటున్నాడు జార్డీ.

"నీకు తెలిసిందంతా మూడు కేసులు. నోర్మూసుకో," అంది. పిలిచిన పేరుకు తల తిప్పి మరీ అంది.

రేకు పందిరి నీడలో కూర్చుని ఫారం నింపుతోంది. నేను ముప్పై అడుగుల దూరంలో పొయ్యి దగ్గర ఉన్నాను. మధ్యాహ్నం. గాలి లేదు. ఈగలు కూడా లేవు.

నా వెనక నుంచి నన్ను పిలిచింది.

నా పేరు. చివర కొంచెం సాగదీసి, నా భార్య వంటింట్లోంచి పిలిచినట్టు. గోడ అవతల నుంచి కాదు. చెయ్యి చాస్తే అందేంత దగ్గర.

అమ్మాయి పెన్ను ఆగింది. తలెత్తి నావైపు చూసింది. నా వెనక్కి చూసింది. చెయ్యి నేలమీద ఆనించి మెల్లగా లేవబోయింది.

రెండోసారి పిలిచింది. ఏమయ్యా, వినపడట్లేదా అన్నట్టు.

పలికితే మళ్ళీ ఆగిపోతుంది. నేను పలకలేదు. టీ గిన్నె రెండు చేతులతో పట్టుకున్నాను. కాలుతోంది. పట్టుకునే ఉన్నాను.

మూడోసారి పిలవలేదు.

అమ్మాయి మళ్ళీ కూర్చుని రాయడం మొదలుపెట్టింది.